అమ్మని భూమికి ధర ఎక్కడ రాసి ఉంది?

(భూమి హక్కుల శిక్షణా సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మొన్న మేం తిరిగిన ఊళ్ళలో ఒక ముసలమ్మ మమ్మల్ని ఆపి ఒక మాట అడిగింది. ఆమెకు రెండెకరాల అసైన్డు భూమి ఉంది. రోడ్డు కోసం దాన్ని తీసుకుంటామని నోటీసు వచ్చింది. "బిడ్డా, ఈ భూమి అమ్మొద్దన్నరు, అమ్మలే. కుదువబెట్టొద్దన్నరు, పెట్టలే. నలభై ఏండ్లు రాళ్ళేరి చెలక చేసినం. ఇప్పుడొచ్చి, మీ భూమి ఎన్నడూ అమ్ముడుపోలే, దానికి ధర ఏడ ఉంది అంటున్నరు. మరి ధర ఏడ ఉన్నట్టు?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇవాళ ఇక్కడ నిలబడ్డాం. ఆ అవ్వ భూమి ధర ఆమె పట్టా కాగితంలో లేదు. పక్క చేను అమ్మినవాడి దస్తావేజులో ఉంది. ఆ దస్తావేజు రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం చూసే హక్కు మనకుంది. వెళ్ళి వెతికినవాడికి దొరుకుతుంది. వెతకనివాడికి ఆఫీసరు రాసిందే ధర.

ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1894లో తెల్లదొరలు చేసిన భూసేకరణ చట్టం నూరేళ్ళు దాటి నడిచింది. దాని స్థానంలో 2013లో కొత్త చట్టం వచ్చింది, 2014 జనవరి 1 నుంచి అమలైంది. ఆ చట్టంలో 26వ సెక్షన్ మనం కంఠతా పట్టవలసింది. భూమి ధర ఎట్లా కట్టాలో అందులో ఉంది. ఒకటి, రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం పెట్టిన విలువ. రెండు, దగ్గరి ఊళ్ళోగానీ చుట్టుపక్కలగానీ అటువంటి భూమే అమ్ముడుపోయిన సగటు ధర. మూడు, ప్రైవేటు కంపెనీల కోసమో, ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసి కట్టే ప్రాజెక్టుల కోసమో తీసుకుంటే, ఒప్పుకున్న ధర. వీటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి.

ఈ రెండోదాంట్లోనే మన బతుకు ఉంది. సగటు ఎట్లా తీయాలో కూడా చట్టమే చెప్పింది. సేకరణ తలపెట్టిన సంవత్సరానికి ముందు మూడేళ్ళలో రిజిస్టరైన క్రయపత్రాలూ, రిజిస్టరైన అమ్మకపు ఒప్పందాలూ తీసుకోవాలి. వాటిలో ఎక్కువ ధర ఉన్న సగాన్ని వేరుచేసి, ఆ సగానికి సగటు కట్టాలి. తక్కువ ధర ఉన్న సగాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఇది ఎవరి దయా కాదు, చట్టంలో రాసిన మాట.

నోటి లెక్క వేద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. పక్క ఊళ్ళో మూడేళ్ళలో ఎనిమిది అమ్మకాలు జరిగాయనుకుందాం. ఎకరం ధరలు 6, 7, 7, 8, 12, 14, 15, 19 లక్షలు. ప్రభుత్వ విలువ 6 లక్షలు. పై సగం అంటే 12, 14, 15, 19. కలిపితే 60. నాలుగుతో భాగిస్తే ఎకరం 15 లక్షలు. దీన్ని పల్లెల్లో ఒకటికీ రెండుకూ మధ్య ప్రభుత్వం నిర్ణయించిన అంకెతో హెచ్చవేయాలి. అది ఒకటింపావు అనుకుంటే 18 లక్షల 75 వేలు. దానిమీద నూటికి నూరు సొలేషియం. మొత్తం ఎకరానికి 37 లక్షల 50 వేలు. రెండెకరాలకు 75 లక్షలు.

ఇప్పుడు ఆఫీసరు ఆ అమ్మకాలేవీ చూడకుండా 6 లక్షల ప్రభుత్వ విలువే పట్టుకున్నాడనుకోండి. అదే లెక్కలో రెండెకరాలకు 30 లక్షలు. తేడా 45 లక్షలు! పోనీ అమ్మకాలు చూశాడు గానీ 6, 7, 7, 8 లక్షల కాగితాలు నాలుగే ఫైల్లో పెట్టాడనుకోండి. పై సగం 7, 8. సగటు ఏడున్నర. చట్టం ప్రకారమే కట్టానంటాడు. లెక్క తప్పు కాదు, కాగితాలు దాచాడు. లెక్క అడిగితే చాలదు, ఏ కాగితాలమీద లెక్క కట్టావని అడగాలి అని మేం చెప్పేది అందుకే.

"మాది అసైన్డు భూమి కదా, ఈ లెక్క మాకు వర్తిస్తదా?" అని చాలామంది అడుగుతారు. అమ్మకాన్ని నిషేధించింది 1977 నాటి 9వ నంబరు చట్టం. ఎందుకు నిషేధించారు? పేదవాడి చేతినుంచి భూమి జారిపోకుండా. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఆ చట్టాన్ని సవరించి ఇరవై ఏళ్ళు దాటినవాటికి అమ్ముకునే హక్కు ఇస్తామన్నారు, 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టారు. ఆ గొడవ ఎట్లా ఉన్నా, మనల్ని కాపాడటానికని పెట్టిన నిషేధాన్నే తిప్పి, అమ్మకం లేదు గనక విలువ లేదని మనమీద వాడటం అన్యాయం. అసైన్డు భూమి వెనక్కి తీసుకుంటే మార్కెట్ విలువకు సమానమైన ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని 1993లోనే జి.ఓ. 1307 వచ్చింది. 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం ఇంకో అడుగు ముందుకేసి, అసైన్డు రైతుకు కూడా పట్టా రైతుతో సమానంగా పూర్తి మార్కెట్ విలువ, సొలేషియంతో సహా ఇవ్వాలని తీర్పిచ్చింది. 2013 చట్టం కూడా, ప్రభుత్వం భూమి అసైన్ చేసిన కుటుంబాన్ని బాధిత కుటుంబాల్లోనే లెక్కపెట్టింది. కాబట్టి మన భూమికి పోలిక పక్కనున్న పట్టా భూమి. పోల్చవలసింది నేలనూ, నీళ్ళనూ, రోడ్డు దూరాన్నీ. పట్టాదారు కులాన్ని కాదు.

ఇక అసలు పని. ఈ అమ్మకాలు ఎక్కడ వెతకాలి?

పెద్ద కంపెనీలు హైదరాబాదులో ఆఫీసు బిల్డింగో గోడౌనో కొనేటప్పుడు ఏం చేస్తాయో తెలుసా? అమ్మకాల వివరాలు పోగుచేసి అమ్మే డేటాబేసులు ఉన్నాయి. వాటికి చందా కట్టి, ఆ చుట్టుపక్కల ఎవరు, ఎంతకు, ఎప్పుడు కొన్నారో కంప్యూటరు ముందు కూర్చుని చూసుకుంటారు. ఆ తర్వాతే బేరానికి వస్తారు. మనం మాత్రం ఏ కాగితమూ చూడకుండా ఆర్డీవో ముందు చేతులు కట్టుకు నిలబడతాం. కానీ ఆ డేటాబేసుల్లో అమ్మకపు ధరలు చాలావరకు వచ్చేది రిజిస్టరైన దస్తావేజుల నుంచే. ఆ దస్తావేజుల మూలం మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే ఉంది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 57వ సెక్షన్. రాసుకోండి. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకమూ, దాని సూచికలూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు అడగవచ్చు. "నీకేం సంబంధం? నువ్వు కొన్నావా, అమ్మినావా?" అని గుమాస్తా గద్దిస్తే, "సంబంధం ఉండాలని చట్టంలో లేదు సార్" అని నెమ్మదిగా చెప్పండి. ఆస్తుల వారీగా ఒక సూచికా, పేర్ల వారీగా ఒక సూచికా ఉంటాయి. సర్వే నంబరు తెలిస్తే మొదటిదాంట్లో, కొన్నవాడి పేరు తెలిస్తే రెండోదాంట్లో వెతకాలి.

1998లో ఉమ్మడి రాష్ట్రంలో కార్డ్ అనే పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. అందువల్ల ఇప్పుడు ఈసీ అనే కాగితం తేలిగ్గా వస్తుంది. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలకూ వెబ్‌సైట్లు ఉన్నాయి. ఊరి పేరూ, సర్వే నంబరూ కొట్టి ఈసీ వెతకవచ్చు. మనవాళ్ళు ఈసీ అంటే బ్యాంకు అప్పు కోసం తీసే కాగితం అనుకుంటారు. ధర వెతికేవాడికి అదే పెద్ద ఆధారం. అందులో ఒక్కో లావాదేవీకి తేదీ, దస్తావేజు రకం, అమ్మినవాడు, కొన్నవాడు, విస్తీర్ణం, హద్దులు, దస్తావేజు నంబరు ఉంటాయి. డబ్బు అంకెలు రెండు ఉంటాయి. ఒకటి మార్కెట్ వాల్యూ, అంటే ప్రభుత్వం పెట్టిన విలువ. రెండోది కన్సిడరేషన్ వాల్యూ, అంటే కొన్నవాడు ఇచ్చినట్టు దస్తావేజులో రాసుకున్న ధర. మనకు కావలసింది రెండోది. ఈ రెండూ కలిపేసి మోసపోవద్దు.

తెలంగాణ సంఘాలు ఒక విషయం గమనించాలి. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు ధరణి కింద తహసీల్దార్ ఆఫీసుకు మారాయి. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. వ్యవసాయేతర భూములు మాత్రం సబ్ రిజిస్ట్రార్ దగ్గరే ఉన్నాయి. అందువల్ల ఒకే సర్వే నంబరులో ఒక ముక్క చెలకగా అమ్ముడుపోతే అది ఒక చోట, ఇంకో ముక్క నాలా మార్పిడి చేయించి గోడౌనుకు అమ్మితే అది వేరే చోట దొరుకుతుంది. ఒక్కచోటే చూసి అమ్మకాలు లేవని తిరిగి రావద్దు. రెండు గుమ్మాలూ తొక్కండి.

మేం పనిచేసే తీరు చెబుతాం. ముందు ఊరి నక్షా పరిచి, పోయే భూముల సర్వే నంబర్లు ఎర్రగా గీస్తాం. చుట్టూ ఆనుకున్న నంబర్లు, పక్క ఊళ్ళ పొలిమేర నంబర్లు పచ్చగా గీస్తాం. చదువుకున్న పిల్లలకు తలా పది నంబర్లు పంచుతాం. ఒక్కో నంబరుకు మూడేళ్ళ ఈసీ తీయాలి. పెద్ద నోటుబుక్కులో వరసగా ఎక్కించాలి: తేదీ, దస్తావేజు నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, రాసిన ధర, ఎకరానికి ఎంత, రోడ్డుకు ఎంత దూరం, నీటి వసతి ఏమిటి. చదువురాని పెద్దలకు ఇందులో పని లేదనుకోవద్దు. ఏ చేను ఎవరు కొన్నారో, ఎప్పుడు కంచె వేశారో, ఎక్కడ బోరు పడిందో కూలికి పోయిన మన ఆడవాళ్ళకు తెలిసినంత ఏ కంప్యూటరుకూ తెలియదు. వాళ్ళు చెప్పిన ఆనవాలు పట్టుకునే మేం చాలా దస్తావేజులు వెతికి పట్టాం.

లెక్కలో జాగ్రత్త. కొన్ని దస్తావేజులు ఎకరాల్లో, కొన్ని గుంటల్లో, కొన్ని సెంట్లలో, కొన్ని గజాల్లో ఉంటాయి. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు, 4,840 చదరపు గజాలు. అన్నీ ఎకరానికి మార్చాకే పోల్చాలి.

అన్ని కాగితాలూ పనికిరావు. దానపత్రం, భాగపంపిణీ, తనఖా, ఇవి అమ్మకాలు కావు, పక్కన పెట్టండి. అన్నదమ్ముల మధ్య అమ్మకమైతే అనుమానంగా చూడండి. నోటిఫికేషన్ వచ్చాక ధర పెంచి రాయించుకున్న దస్తావేజు నిలవదు. మన మంచికే కదా అని అటువంటిది ఒక్కటి పెడితే మిగతా పది మంచి కాగితాలమీద కూడా అనుమానం పడుతుంది. పాత భూసేకరణలో ఇచ్చిన పరిహారాన్ని సగటులో కలపకూడదని చట్టమే చెప్పింది.

స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టడానికి చాలామంది ఇచ్చిన ధర రాయరు, ప్రభుత్వ విలువే రాస్తారు. భూస్వామి ఎగ్గొట్టిన పన్ను చివరికి మన పరిహారంలో కోత అవుతుంది. దీనికి మేం కనిపెట్టిన విరుగుడు ఒకటి ఉంది. కొన్నవాళ్ళలో కంపెనీలు, ట్రస్టులు, సొసైటీలు ఎవరున్నారో వెతకండి. వాళ్ళు చెక్కులతో కొంటారు, ఖాతాల్లో చూపించుకోవాలి. వాళ్ళ దస్తావేజుల్లో అసలు ధర ఉండే అవకాశం ఎక్కువ.

రోడ్డు పక్కన పెట్రోలు బంకుకో, దాబాకో, దుకాణాలకో అమ్మిన చిన్న ముక్కలుంటాయి. గజాల్లో ధర బాగా ఎక్కువగా ఉంటుంది. ఆఫీసరు వాటిని "చిన్న విస్తీర్ణం, పోలిక లేదు" అని ఒక్క మాటతో తీసేస్తాడు. పెద్ద విస్తీర్ణం అమ్మకాలు దొరకనప్పుడు కోర్టులు చిన్న ముక్కల ధర కూడా తీసుకున్నాయి, రోడ్లకూ డ్రైనేజీకీ పోయేదానికింద కొంత కోత పెట్టి. ఆ కోత మూడోవంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. గజం ధరను 4,840తో హెచ్చవేసి అంతా ఇమ్మంటే ఎవడూ ఇవ్వడు. అట్లాగని ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేయనివ్వకూడదు. మన చేను అదే రోడ్డుకు ఆనుకుని ఉంటే ఆ మాట ఫొటోతో సహా రాసివ్వాలి.

ఇక ఆఫీసు లోపలి సంగతి. భూసేకరణ అధికారి సబ్ రిజిస్ట్రార్ దగ్గరినుంచి మూడేళ్ళ అమ్మకాల జాబితా తెప్పించుకుంటాడు. సేల్స్ స్టాటిస్టిక్స్ అంటారు. ఆ జాబితాలో ఒక్కో అమ్మకాన్ని ఎందుకు తీసుకున్నాడో, ఎందుకు వదిలాడో కారణాలు రాస్తాడు. అసలు ధరను చూపించడంలేదని తోచిన అమ్మకాన్ని పక్కన పెట్టే అధికారం కలెక్టరుకు చట్టం ఇచ్చింది. ఆ అధికారం ఎటు తిరుగుతుందో మనకు తెలుసు. అందుకే సమాచార హక్కు చట్టం కింద ఆ జాబితా అడగండి. మన నోటుబుక్కు పక్కన పెట్టి వరసవరసా సరిచూడండి. మన దగ్గర ఉండి అక్కడ లేనిది ఏది? కారణం లేకుండా కొట్టేసింది ఏది? ఆ తేడాలే మన అభ్యంతరం.

ముఖ్యమైన అమ్మకాలకు వెబ్‌సైటు ప్రింటుతో సరిపెట్టుకోవద్దు. రిజిస్ట్రారు సంతకం, ముద్ర ఉన్న నకలు తీసుకోండి. ఆ నకలు అసలు దస్తావేజులోని విషయానికి సాక్ష్యంగా చెల్లుతుందని అదే 57వ సెక్షన్ చెబుతుంది.

ఎప్పుడు ఇవ్వాలి? మొదటి నోటిఫికేషన్ 11వ సెక్షన్ కింద వస్తుంది. అరవై రోజుల్లో అభ్యంతరాలు ఇవ్వాలి. తర్వాత 21వ సెక్షన్ నోటీసులో నీ క్లెయిము ఏమిటని అడుగుతారు. మన నోటుబుక్కు, నకళ్ళు అప్పుడు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటితో చెప్పింది గాలికి పోతుంది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక ఊళ్ళో మేం దస్తావేజులన్నీ వెతికి పట్టుకున్నాం. కష్టపడ్డాం. కానీ చెక్కులు పంచేరోజు అక్కడ లేం. ఏళ్ళ తరబడి అప్పుల్లో ఉన్న మనవాళ్ళు చెక్కు చూడగానే చూపించిన చోటల్లా వేలిముద్ర వేశారు. పరిహారం చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నామని ఒక్క ముక్క రాయలేదు. అట్లా రాయకుండా తీసుకున్నవాడికి ధర పెంచమని అడిగే హక్కు పోతుందని చట్టంలో ఉంది. మా నోటుబుక్కు మా దగ్గరే ఉండిపోయింది. ఆ ఊరివాళ్ళ మొహం చూడటానికి మాకు చాలా రోజులు పట్టింది. మీకు అట్లా జరగకూడదు. డబ్బు తీసుకోండి, కాదనం. అభ్యంతరం రాసి తీసుకోండి. "సమ్మతి" అన్న మాట ఉన్న కాగితంమీద చదివించుకోకుండా వేలు పెట్టొద్దు.

అవార్డు వచ్చాక 64వ సెక్షన్ కింద పై అథారిటీకి పంపమని కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి. అవార్డు రోజు మనం అక్కడుంటే ఆరు వారాల గడువు. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. అదే నోటిఫికేషన్‌లో భూమి పోయి, దరఖాస్తు పెట్టలేకపోయినవాళ్ళకు ఇంకో దారి ఉంది. పక్కవాడికి అథారిటీ ధర పెంచితే, ఆ తీర్పు వచ్చిన మూడు నెలల్లో 73వ సెక్షన్ కింద మాకూ పెంచమని అడగవచ్చు. కాబట్టి ఒక్కడి కేసు ఊరందరి కేసు. ఖర్చు కూడా ఊరందరిదీ కావాలి.

భూమి పోకుండా కొట్లాడటం వేరు, పోయే భూమికి ధర అడగటం వేరు. ఈ ప్రసంగం రెండోదాని గురించి. ధర అడిగినంత మాత్రాన భూమి ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు కాదు. రెండు పనులూ నడవాలి.

వెనకటికి ఊరి లెక్కంతా కరణం దస్త్రంలో ఉండేది. ఆ దస్త్రం మూట మన వాడకు ఎన్నడూ రాలేదు. ఏ భూమి ఎవరిదో, ఎంతదో అతను చెప్పిందే వేదం. ఇవాళ మూట విప్పి ఉంది. మనం పోయి చూడకపోతే మళ్ళీ ఎవడో ఒకడు కరణమవుతాడు.

ఇంటికి పోయాక ప్రతి సంఘమూ చేయవలసిన పని ఒకటి. నోటీసు వచ్చేదాకా ఆగొద్దు. మీ ఊరి చుట్టూ గత మూడేళ్ళ అమ్మకాల నోటుబుక్కు ఇప్పుడే మొదలుపెట్టండి. ఏటా కొత్తవి ఎక్కించండి. వచ్చే సభకు ఆ నోటుబుక్కులు తీసుకురండి, కలిసి సరిచూద్దాం. ఆ అవ్వ నోటుబుక్కు మేం మొదలుపెట్టాం. ఆమె చేనుకు ఉత్తరాన గట్టు పంచుకున్న పట్టా భూమి రెండేళ్ళ కింద అమ్ముడుపోయింది. దాని నకలు మా సంచిలో ఉంది.

జై భీమ్!